జీవకణం మీద లెక్కలు వేసేవారికి ఉద్యోగం ఎవరిస్తారు?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లాలో కావలి దగ్గర పల్లె. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. మా నాయన రొయ్యల గుంటలు కౌలుకు చేస్తాడు. నీళ్ల శాంపిల్ ఇవ్వడానికి ఆయన వెంట ఆక్వా ల్యాబ్‌కు వెళ్లినప్పుడు అక్కడి మైక్రోస్కోపులో గుంట నీటి చుక్కను చూపించారు. దాని నిండా ఏవేవో ఈదుతున్నాయి. వాటి కదలికను ఫిజిక్స్‌తో లెక్క కట్టవచ్చని, దానికి సాఫ్ట్ మ్యాటర్, యాక్టివ్ మ్యాటర్ అని పేర్లున్నాయని తరువాత యూట్యూబ్‌లో పాఠాలు వింటుంటే తెలిసింది. ఈ రంగంలో థియరీ వైపు పీహెచ్‌డీ చేయాలని ఉంది. మా మేనమామ మాత్రం బి.ఎడ్. చేసి డీఎస్సీ రాయమంటున్నాడు. మా సార్ ఒకరు, "ఫిజిక్స్ వాళ్లు నిన్ను బయాలజీ మనిషివంటారు, బయాలజీ వాళ్లు ల్యాబ్ పని రాదంటారు, రెంటికీ చెడ్డ రేవడివి అవుతావమ్మా" అన్నారు. ఈ చదువుకు చివరికి ఉద్యోగం ఎవరిస్తారు? ఇంకొక సంగతి. ఈదే రేణువుల మీద పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసి గ్రాఫు గీశాను. వాలు మొదట ఒకటి, మధ్యలో రెండు, చివర మళ్లీ ఒకటి వస్తోంది. అది తప్పేమో చెప్పగలరా? ప్రోగ్రాం, గ్రాఫు జత చేశాను. (పేరు వద్దన్నారు)

సమాధానం: మీ ఉత్తరంలో ఉద్యోగం మాట ముందు వచ్చింది, గ్రాఫు మాట చివర వచ్చింది. నేను గ్రాఫుతో మొదలుపెడతాను. ఈ దారిలో మీరు నిలదొక్కుకోగలరా అన్నది తేల్చడానికి మీ మార్కుల జాబితా కన్నా అదే నమ్మదగిన ఆధారం.

మీ ప్రోగ్రాంలో తప్పు లేదు. ఒక్కొక్క రేణువుకు సెకనుకు 20 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) వేగం ఇచ్చారు. అది సుమారు ఒక సెకను పాటు ఒకే దిక్కున సాగి ఆపైన తన దిక్కును మరిచిపోయేలా చేశారు. దీనికి తోడు నీటి అణువుల తాకిడి వల్ల కలిగే మామూలు విసరణను (డిఫ్యూజన్‌ను) సెకనుకు 0.2 చదరపు మైక్రాన్లుగా పెట్టారు. రెండు మైక్రాన్ల గోళం గది ఉష్ణోగ్రత దగ్గర నీటిలో ఉంటే దాదాపు అంతే వస్తుంది, కాబట్టి మీరు అంకెలను గాలిలోంచి తీయలేదని అర్థమైంది. బయలుదేరిన చోటి నుంచి రేణువు పోయిన దూరానికి వర్గం కట్టి, సగటు తీసి, కాలానికి ఎదురుగా లాగ్ స్కేలు మీద గీసినప్పుడు రెండు మిల్లీసెకన్ల లోపు భాగంలో నీటి తాకిడిదే పైచేయి, అందువల్ల అక్కడ వాలు ఒకటి. అది దాటాక సొంత ఈతది పైచేయి అవుతుంది. తిన్నగా పోయే వస్తువుకు దూరపు వర్గం కాలపు వర్గంతో పెరుగుతుంది కనుక వాలు రెండు. ఒక సెకను దాటిన తరువాత రేణువు చాలాసార్లు దిక్కు మరిచి ఉంటుంది, మళ్లీ దిక్కులేని నడకే మిగులుతుంది, వాలు తిరిగి ఒకటికి వస్తుంది. ఆ రెండు మిల్లీసెకన్ల అంకెను మీరే రాబట్టవచ్చు: విసరణ గుణకాన్ని నాలుగుతో గుణించి వేగపు వర్గంతో భాగిస్తే చాలు.

మీరు గమనించని విషయం ఒకటుంది, అసలు సంగతి అందులోనే ఉంది. మొదటి వాలు, చివరి వాలు రెండూ ఒకటే అయినా ఆ రెండు గీతల ఎత్తు ఒకటి కాదు. చివరి భాగాన్ని విసరణగా చదివితే దాని గుణకం వేగపు వర్గాన్ని దిక్కు మరిచే రేటుకు రెండింతలతో భాగించినంత ఉంటుంది, అంటే మీ అంకెలతో సెకనుకు 200 చదరపు మైక్రాన్లు. నీటి వేడి వల్ల మాత్రమే కదిలే చచ్చిన రేణువుకు ఇది వెయ్యింతలు. దూరం నుంచి చూసేవారికి రెండూ ఒకే రకపు తడబాటు నడకలాగే కనిపిస్తాయి, కానీ ఒకటి ఉష్ణోగ్రత నుంచి వచ్చింది, రెండవది ప్రాణి తిన్న తిండి నుంచి వచ్చింది. వాలు చూసి ఊరుకోకుండా ఎత్తు ఎందుకు మారిందని అడగడం మొదలుపెట్టిన రోజు మీరు ఈ రంగంలో పని మొదలుపెట్టినట్టే లెక్క.

గ్రాఫు చివర గీత వణుకుతున్నట్టు కనిపించడానికి కారణం వేరు. దీర్ఘకాలపు బిందువుల దగ్గర ఒకదానితో ఒకటి సంబంధం లేని నమూనాలు మీకు కొన్నే దొరుకుతాయి, కాబట్టి రేణువుల సంఖ్య పెంచండి, ప్రతి బిందువుకూ దోషపు గీత వేయండి. అది అయ్యాక రేణువులు ఒకదానిలో ఒకటి చొరబడకుండా తోసుకునే బలాన్ని మాత్రం కలిపి, సాంద్రత పెంచుతూ చూడండి. ఆకర్షణ అనేది ఏమాత్రం లేకపోయినా, వేగంగా ఈదే రేణువులు తగినంత కిక్కిరిసినప్పుడు వాటంతటవే గుంపు కట్టి, మిగతా చోటును పలచగా వదిలేస్తాయి. మామూలు పదార్థం ఇలా చేయదు. 2008లో టెయ్యూర్, కేట్స్ అనే ఇద్దరు సైద్ధాంతికులు రాసిన పత్రం నుంచి ఈ విషయం మీద పెద్ద చర్చే నడిచింది. మీ ల్యాప్‌టాప్‌లో ఒక రాత్రి నడిపితే అది మీ కంటికే కనిపిస్తుంది.

ఇక మీ సార్ మాట. దాన్ని కొట్టిపారేయలేను, అందులో నిజముంది. అయితే ఆ నిజం చదువు గురించినది కాదు, నియామకాల గురించినది. ముందు చదువు సంగతి చూద్దాం.

శక్తిని ఖర్చుచేస్తూ తమంత తాము కదిలేవాటితో నిండినది యాక్టివ్ మ్యాటర్; గది ఉష్ణోగ్రత దగ్గర ఉండే వేడికే వంగి, సాగి, ఆకారం మార్చుకునే పదార్థాలను సాఫ్ట్ మ్యాటర్ అంటారు. ఆ వేడి శక్తి 4.1 పికోన్యూటన్ నానోమీటర్లు. ఈ ఒక్క అంకెను మీ పేరు గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకోండి. జీవకణం చుట్టూ ఉండే కొవ్వు పొర మందం నాలుగైదు నానోమీటర్లు. దాన్ని వంచడానికి అయ్యే శక్తి దీనికి సుమారు ఇరవై రెట్లు. జీవకణంలో శక్తిని అందించే ఏటీపీ అణువు ఒకటి విరిగినప్పుడు వచ్చే శక్తి కూడా దీనికి ఇరవై రెట్ల ప్రాంతంలోనే ఉంటుంది. (ఏటీపీని 1929లో గుర్తించినవారిలో మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరని మన పాఠ్యపుస్తకాలు ఎందుకు గట్టిగా చెప్పవో నాకు అర్థం కాదు.) ఈ శక్తులన్నీ పక్కపక్కన ఉండడం వల్లనే జీవకణం ఒకవైపు వేడికి వణుకుతూ, మరోవైపు ఆ వణుకును తోసిపుచ్చి పని చేయగలుగుతోంది.

ఈ కొవ్వు పొర వంపుకు సంబంధించిన సమీకరణాన్ని 1973లో రాసిన వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిష్ అంతకు రెండు మూడేళ్ల ముందు ఏం చేస్తున్నాడో తెలుసా? మార్టిన్ షాడ్ట్‌తో కలిసి ఒక కొత్త రకం లిక్విడ్ క్రిస్టల్ తెరను కనిపెట్టాడు. పాత కాలిక్యులేటర్లలో, చేతి గడియారాలలో నల్లటి అంకెలు చూపిన తెర అదే. లిక్విడ్ క్రిస్టల్ ఎలా వంగుతుందో లెక్కవేసిన చేతితోనే జీవకణం పొరను లెక్కవేశాడు. సాఫ్ట్ మ్యాటర్ అన్న పేరు ప్రపంచానికి పరిచయమైంది 1991లో, నోబెల్ అందుకున్న ఫ్రెంచ్ భౌతికశాస్త్రవేత్త డిజెన్ ఆ పేరుతోనే ఉపన్యాసం ఇచ్చినప్పుడు. మన దేశంలో ఈ రంగానికి పెద్ద దిక్కైన శ్రీరామ్ రామస్వామి కూడా 1983లో షికాగోలో పీహెచ్‌డీ ముగించి 1986లో బెంగళూరు ఐఐఎస్సీలో చేరింది జీవశాస్త్రజ్ఞుడిగా కాదు. ద్రవాలను, లిక్విడ్ క్రిస్టళ్లను స్టాటిస్టికల్ మెకానిక్స్‌తో, అంటే లెక్కలేనన్ని రేణువుల సగటు నడవడిని లెక్కగట్టే శాస్త్రంతో, చూసే మనిషిగా. 2002లో అదితి సింహతో కలిసి, ఈదే జీవులు నిండిన ద్రవంలో ఒకే దిక్కు అమరిక నిలుస్తుందా అన్నది లెక్కగట్టాడు. తమంత తాము కదిలే కడ్డీల గుంపులో ఒక్కొక్క చోట ఉండే సంఖ్య మామూలు పదార్థంలో కన్నా ఎంతో ఎక్కువగా ఎగుడుదిగుడు అవుతుందని అంచనా వేసిన తరువాత, విజయ్ నారాయణ్, నారాయణన్ మీనన్‌లతో కలిసి 2007లో కంపించే పళ్లెం మీద చిన్న రాగి కడ్డీలు పరచి అది నిజమేనని చూపారు. థియరీ మనిషి రాగి కడ్డీల దాకా వెళ్లాడన్నది ఇక్కడ గమనించవలసిన సంగతి.

థియరీ అనగానే నల్లబల్ల ముందు ఒంటరిగా నిలబడడం మీ మనసులో ఉంటే దాన్ని తీసేయవలసి ఉంటుంది. జీవశాస్త్ర పరిశోధన సంస్థ అయిన బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో జరిగిన ఒక పని చెబుతాను. జీవకణం బయటి పొర మీద కొన్ని ప్రొటీన్లు కొవ్వు కొక్కేనికి తగిలించినట్టుగా ఉంటాయి. సత్యజిత్ మేయర్ బృందం ప్రత్యేకమైన కాంతి పద్ధతులతో కొలిచినప్పుడు, వాటిలో ఎక్కువ భాగం విడివిడిగానే ఉన్నా, 20 నుంచి 40 శాతం మాత్రం నాలుగింటికి మించని చిన్న గుంపులుగా ఉన్నాయని 2004లో తేలింది. ఇంతవరకు వింత లేదు. పొర మీద ఆ ప్రొటీన్ల సాంద్రత ఎంత మారినా, గుంపుల్లో ఉన్నవాటికీ ఒంటరిగా ఉన్నవాటికీ మధ్య నిష్పత్తి మారకపోవడమే వింత. మీరు బీఎస్సీలో చదివిన రసాయన సమతౌల్య సూత్రం ప్రకారం ఇది కుదరదు, ఎందుకంటే సాంద్రత పెరిగేకొద్దీ ఒకదానికొకటి తారసపడేవి పెరుగుతాయి, గుంపుల వంతు పెరగాలి. పెరగడం లేదంటే ఆ వ్యవస్థ సమతౌల్యంలో లేదని, ఎక్కడో శక్తి ఖర్చవుతూ ఆ నిష్పత్తిని పట్టి ఉంచుతోందని అర్థం. సైద్ధాంతికుడైన మదన్ రావు ఆ బృందంతో కలిసి, పొర కింద ఏటీపీని ఖర్చుచేస్తూ కదిలే, ఆక్టిన్ అనే ప్రొటీన్‌తో అయిన చిన్న తీగలు ఈ ప్రొటీన్లను దగ్గరకు లాగి వదిలేస్తుంటాయన్న నమూనా కట్టాడు. ఆ నమూనా నుంచి వచ్చిన అంచనాలను కొలతలతో సరిపోల్చి 2012లో కలిసి ప్రచురించారు.

దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. అక్కడ భౌతికశాస్త్రవేత్త చేసిన పని మైక్రోస్కోపు తిప్పడం కాదు, ప్రొటీన్ల పేర్లన్నీ బట్టీపట్టడమూ కాదు. ఒక గ్రాఫులో ఉండవలసిన వంపు లేకపోవడం చూసి, అది ఎంత పెద్ద సంగతో గుర్తుపట్టడం. స్టాటిస్టికల్ మెకానిక్స్ ఎముకల్లో ఇంకినవారికే ఆ చూపు వస్తుంది. అదే సమయంలో ఆ గ్రాఫు పుట్టిన గదిలో కూర్చునే ఓపిక లేనివారికి ఆ గ్రాఫే కంటపడదు. అందువల్ల నా సలహా ఒకటే: పనిముట్టు ఫిజిక్స్‌దిగా ఉండాలి, ప్రశ్న మాత్రం కొలవగలిగిన ఒక జీవ వ్యవస్థ నుంచి రావాలి. బయాలజీ అంతా చదవాలని కూర్చోవద్దు. బ్యాక్టీరియా ఈతో, కణత్వచమో, కేంద్రకంలో మడతలు పడిన డీఎన్‌ఏనో ఏదో ఒకటి తీసుకుని, దాని కొలతలు మీకు నిద్రలో కూడా తెలిసేంత దగ్గరగా చూడండి. మనిషి జీవకణంలోని డీఎన్‌ఏ పొడవు దాదాపు రెండు మీటర్లు, అది ఇమిడే కేంద్రకం వ్యాసం సుమారు పది మైక్రాన్లు, డీఎన్‌ఏ యాభై నానోమీటర్ల దాకా కడ్డీలా బిగువుగా ఉండి అంతకు మించితే తాడులా వంగుతుంది. ఈ మూడు అంకెలతోనే ఎంతమందికో జీవితకాలపు పని దొరికింది.

ఇప్పుడు ఉద్యోగం మాట. డిగ్రీ కాలేజీలు, రాష్ట్ర విశ్వవిద్యాలయాల నియామకాలు సబ్జెక్టుల వారీగా జరుగుతాయి. ఎమ్మెస్సీ ఏ సబ్జెక్టు, లెక్చరర్ అర్హత పరీక్ష అయిన నెట్ ఏ సబ్జెక్టు, పీహెచ్‌డీ ఏ విభాగం అని చూస్తారు, ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునేవారు మీ పరిశోధన శీర్షికలో జీవకణం అన్న మాట చూసి కనుబొమలు ఎగరేయవచ్చు. మీ సార్ చెప్పిన ప్రమాదం ఇక్కడే ఉంది. దానికి విరుగుడు కూడా తేలికే. పరిశోధన దేని మీద చేసినా పీహెచ్‌డీ పట్టా ఫిజిక్స్ విభాగం నుంచే తీసుకోండి, నెట్ ఫిజికల్ సైన్సెస్‌లోనే రాయండి, పీహెచ్‌డీ రోజుల్లో స్టాటిస్టికల్ మెకానిక్స్‌గానీ మ్యాథమెటికల్ ఫిజిక్స్‌గానీ క్లాసులో చెప్పే అవకాశం వస్తే వదలకండి. అప్పుడు ఒంగోలులో డిగ్రీ కాలేజీ ఉద్యోగానికైనా, తిరుపతిలోని కేంద్ర విద్యాసంస్థ ఐసర్‌కైనా మీ దరఖాస్తు అర్హత దగ్గర ఆగిపోదు. కొన్ని సంస్థలు బయలాజికల్ సైన్సెస్ అనే పేరు మీద భౌతికశాస్త్ర విద్యార్థులను చేర్చుకుంటాయి. చదువు గొప్పగా ఉంటుంది, కానీ మన ప్రాంతానికి తిరిగి రావాలన్న కోరిక మీకు ఏ మూలనో ఉంటే, చేరేముందు పట్టా మీద ఏ సబ్జెక్టు పేరు వస్తుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ఐఐఎస్సీ, టీఐఎఫ్ఆర్ హైదరాబాదు, ఎన్‌సీబీఎస్, ఐసీటీఎస్, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై ఐఎంఎస్సీ, ఐఐటీలు, ఐసర్లు వంటి పరిశోధన సంస్థల్లో ఈ విభాగాల గోడలు అంత ఎత్తుగా ఉండవు. ఫిజిక్స్ విభాగంలోనే బ్యాక్టీరియా మీద పనిచేసేవారు ఉంటారు, ఎవరూ వింతగా చూడరు. అయితే ఆ కుర్చీలు చాలా కొద్ది. దేశం మొత్తం మీద ఒక ఏడాదిలో ఈ రంగంలో పడే శాశ్వత నియామకాలను తలచుకుంటే, పీహెచ్‌డీ చేసిన ప్రతివారికీ అక్కడ చోటు దొరుకుతుందని ఎవరు చెప్పినా నమ్మవద్దు. పీహెచ్‌డీకి అయిదారేళ్లు, ఆపైన ఒకటి రెండు చోట్ల తాత్కాలిక పరిశోధన ఉద్యోగంలో, అంటే పోస్ట్‌డాక్‌గా మూడు నుంచి అయిదేళ్లు, అందులో కొంత భాగం విదేశంలో. శాశ్వత ఉద్యోగం వచ్చేసరికి ముప్పై రెండు, ముప్పై అయిదేళ్లు దాటడం మామూలు. ఇది దాచి మిమ్మల్ని ప్రోత్సహించడం న్యాయం కాదు.

డబ్బు సంగతి మీ నాయనకు మీరే లెక్కతో చెప్పండి. నెట్‌లో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000; 2023 జనవరి నుంచి అమలులో ఉన్న రేట్లు ఇవి. హాస్టలు లేకపోతే ఇంటి అద్దె భత్యం వేరే ఉంటుంది. ఫీజు కట్టించుకుని చదివించే చదువు కాదిది, జీతంలాంటిది ఇచ్చి చేయించుకునే పని, మన ఇళ్లలో ఈ సంగతి చాలామందికి తెలియదు. అయితే ఆ డబ్బు ప్రతినెలా ఒకటో తేదీన పడుతుందని భరోసా ఇవ్వలేను. నెలల తరబడి ఆలస్యమై విద్యార్థులు అప్పులు చేసిన సందర్భాలు నేను చూశాను. చేరే రోజుకు మూడు నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి. రొయ్య ధర పడిపోయిన ఏడాది మీ ఇంట్లో నగదు ఎలా ఆడకుండా పోతుందో మీకు చెప్పనక్కరలేదు, కాబట్టి ఇంటికి పంపవలసిన బాధ్యత మీ మీద ఉందో లేదో ముందే తేల్చుకోండి. ఉంటే ఈ దారి కష్టమవుతుంది. లేకపోతే నెట్టుకురావచ్చు.

ఈ ఏడాది రాయవలసిన ప్రవేశ, అర్హత పరీక్షలు జెస్ట్, గేట్, సీఎస్ఐఆర్ నెట్. జెస్ట్, గేట్ సంవత్సరం మొదటి నెలల్లోనే ఉంటాయి కనుక దరఖాస్తు తేదీలు ముందే చూసి పెట్టుకోండి. రాత పరీక్ష సగం మాత్రమే, థియరీ సీట్లు ఇంటర్వ్యూలో తేలుతాయి. మన సెమిస్టర్ పరీక్షల్లో పది మార్కుల వ్యాసం రాసి నెగ్గుకొచ్చిన అలవాటు అక్కడ పనికిరాదు. బోర్డు మీద ఒక గీత గీసి, "తాగినవాడొకడు దీని మీద అటూ ఇటూ అడుగులు వేస్తున్నాడు, వంద అడుగుల తరువాత సుమారుగా ఎంత దూరంలో ఉంటాడు?" అని అడుగుతారు. మీరు పది అడుగులని చెబితే, "కుడివైపు కొంచెం మొగ్గు ఉంటే?" అంటారు. అది చెబితే, "ఒక చివర గోడ కడితే?" అంటారు. జవాబు రాకపోయినా భయం లేదు, మీరు పైకి ఆలోచిస్తూ మాట్లాడుతున్నారా, చిన్న సంఖ్యలతో సరిచూసుకుంటున్నారా అన్నది వాళ్లు గమనిస్తారు. ఈ సాధనకు ఐఐటీ మద్రాసులో ఆచార్యుడిగా పనిచేసిన వి. బాలకృష్ణన్ ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలకు మించినవి నాకు తెలియవు. ముఖ్యంగా సమతౌల్యం వెలుపలి స్టాటిస్టికల్ మెకానిక్స్ మీద చెప్పినవి. వినడం కాదు, ఆపి ఆపి మీ చేత్తో ప్రతి వరుసా రాయాలి. సైన్సు అకాడమీలు మూడు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు కూడా దరఖాస్తు పెట్టండి. రెండు నెలలు ఒక పరిశోధకుడి దగ్గర కూర్చుంటే ఈ పని మీ ఒంటికి పడుతుందో లేదో తెలిసిపోతుంది.

గైడును ఎంచుకోవడం సంస్థను ఎంచుకోవడం కన్నా ముఖ్యం. సంస్థ పేరు చూసి చేరి గైడుతో పొసగక అయిదేళ్లు నలిగినవారిని చూశాను. ఆ వ్యక్తి గత మూడు నాలుగేళ్లలో రాసిన పత్రాలు ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతాయి, తీసి చూడండి. విద్యార్థుల పేర్లు ముందు ఉన్నాయా, ప్రయోగశాలల వారితో కలిసి రాసినవి కొన్నైనా ఉన్నాయా, పాత విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు అన్న మూడు విషయాలు చాలు. ఇప్పుడున్న విద్యార్థులను నేరుగా అడగండి, గైడు లేని చోట అడగండి.

ఆయనకు లేదా ఆమెకు రాసే మెయిలు గురించి ఒక మాట. "గౌరవనీయులైన సార్, చిన్నప్పటి నుంచి నాకు సైన్సంటే ఎంతో ఇష్టం" అని మొదలయ్యేవి వారికి రోజూ వస్తాయి, తెరవకుండానే పోతాయి. మీరు నాలుగు వాక్యాలు రాయండి. వారి ఫలానా పత్రంలో ఫలానా బొమ్మలో గీత సాంద్రతతో పాటు ఎందుకు వంగలేదో అర్థం కాలేదని ఒకటి, మీరు ఇలాంటి చిన్న ప్రోగ్రాం రాసి చూస్తే ఇలా వచ్చిందని ఒకటి, ఆ గ్రాఫు జత చేశానని ఒకటి, వేసవిలో రెండు నెలలు వచ్చి పనిచేసే వీలుందా అని ఒకటి. నాకు పంపిన గ్రాఫునే, రేణువులు తోసుకునే సంగతి కలిపాక, పంపవచ్చు. పదిమందికి పంపితే ఇద్దరు జవాబిస్తారు. మిగతా ఎనిమిదిమందికి మీ మీద కోపమేమీ ఉండదు, వారికి తీరిక ఉండదంతే.

తెలుగు మీడియం గురించి మీరు దిగులుగా రాశారు గానీ అది నన్ను అంతగా కలవరపెట్టలేదు. సమీకరణాలకు మీడియం లేదు. పత్రాలు రాసే ఇంగ్లీషు రోజుకో పేజీ చదివితే రెండేళ్లలో పట్టుబడుతుంది, సెమినారులో ప్రశ్న అడిగే ధైర్యమే ఆలస్యంగా వస్తుంది. అది మాత్రం మొదటి నెల నుంచే బలవంతంగా అలవాటు చేసుకోండి. పెళ్లి సంగతి మీరు ఉత్తరంలో ఎత్తలేదు, మీ ఇంట్లో ఎత్తుతారు; పోస్ట్‌డాక్ వయసు, పెళ్లి వయసు ఒకటే కావడం ఈ వృత్తిలో ఆడవారి మీద పడే అన్యాయమైన భారం. దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. రాబోయే మనిషికి ఈ పదేళ్ల లెక్క పెళ్లికి ముందే చెప్పాలన్నది మాత్రం గట్టిగా చెప్పగలను.

మధ్యలో మనసు మారితే ఏమవుతుందన్న భయం మీ మేనమామ మాటల వెనక ఉంది. యాదృచ్ఛిక ప్రక్రియలు, సిమ్యులేషన్లు, డేటా విశ్లేషణ చేతిలో ఉన్నవారికి బ్యాంకులు, మందుల కంపెనీలు, సాఫ్ట్‌వేర్ సంస్థలు పని ఇస్తున్నాయి. పీహెచ్‌డీ తరువాత అటు వెళ్లినవారు నా ఎరుకలోనే ఉన్నారు, వాళ్లెవరూ చెడిపోలేదు. ప్రోగ్రాం శుభ్రంగా రాసి, ఇంకొకరు నడపగలిగేలా దాచుకునే అలవాటు ఒక్కటి ఉండాలి. మీరు పంపిన ప్రోగ్రాంలో చరరాశుల పేర్లన్నీ ఏ, బీ, సీలే ఉన్నాయి, ఆరునెలలు పోతే మీకే అర్థం కావు.

ఇక బి.ఎడ్. డీఎస్సీ రాయడం తక్కువ పనేమీ కాదు. పల్లె బడిలో ఫిజిక్స్ బాగా చెప్పే టీచరమ్మ ఒకరు ఉండి ఉంటేనే మీవంటివారు ఇంతదాకా వస్తారు. కానీ బి.ఎడ్. రెండేళ్ల చదువు, దాన్ని, పూర్తికాలపు పీహెచ్‌డీని ఒకేసారి మోయలేరు. ఈ ఏడాది బి.ఎడ్. ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌కు దరఖాస్తు పెట్టండి, పరీక్ష కూడా రాయండి, మేనమామ మాట నిలిపినట్టూ అవుతుంది. సీటుకు కౌన్సెలింగు జరిగే నాటికి సాధారణంగా జెస్ట్ ఫలితాలు, పీహెచ్‌డీ ఇంటర్వ్యూల సంగతి తేలిపోతాయి. ఇంటర్వ్యూలో సీటు వస్తే దానిలో చేరండి. రాకపోతే ఒక్క సంవత్సరం ఆగి ఇంకొకసారి రాసే వీలు ఇంట్లో ఉందా అని నాయనను అడగండి, ఉందంటే ఆ ఏడాది ఖాళీగా కూర్చోకుండా కావలిలోనో నెల్లూరులోనో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుంటూ చదవండి. వీలు లేదంటే బి.ఎడ్.లో చేరి, నెట్ మాత్రం వదలకుండా రాస్తూ ఉండండి.